సావు ఫోటోల సిస్టమ్

దసరా నాడు ఆ ఫ్లెక్సు షాపులో అన్నిటికీ బొట్టు పడేది. గోడ పొడవునా పరుచుకున్న ప్రింటింగ్ మిషన్‌కు మొదట, ఆ తర్వాత లామినేషన్ మిషన్‌కు, కటింగ్ బల్లకు, డిజైనర్లు ఇద్దరి కంప్యూటర్లకు, షట్టర్ తాళానికి, మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్‌కు కూడా. యజమాని అరుణ్‌కుమార్ తెల్లచొక్కా తొడుక్కొని ఒక్కోదానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు గుచ్చేవాడు. బాత్‌రూమ్ తలుపు పక్కనున్న మూడో కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆయన వెనక్కి తిరిగేవాడు. పళ్లెంలో కుంకుమ ఇంకా మిగిలే ఉండేది.

ఆ పళ్లెం పట్టుకొని ఆయన వెంట నడిచేది నిర్మల. ఆ మూడో కంప్యూటర్ మీద పనిచేసేదీ నిర్మలే.

కారణం ఎవరూ దాచలేదు. అది సావు ఫోటోల సిస్టమ్. శంషాబాద్ చుట్టుపక్కల ఎవరు కాలం చేసినా, దినాల నాడు గుడారం ముందు కట్టే ఫ్లెక్సులోకి, గోడకు తగిలించే ఫ్రేములోకి ఫోటో అక్కడే తయారయ్యేది. మిగతా ఇద్దరు డిజైనర్లు ఆ పని ముట్టేవారు కాదు. పొద్దున్నే బోణీ చావు మొకంతో చేస్తే ఆ రోజంతా గిరాకీ రాదని వాళ్ల భయం. పొరపాటున తమ సిస్టమ్‌లో అలాంటి ఫోటో తెరుచుకుంటే అగరుబత్తి ముట్టించేవారు. "నిర్మలక్కా, నీ చుట్టం వచ్చిండు" అని నవ్వుతూ ఫోటోను ఆమెకు పంపేవారు. ఆమె కూడా నవ్వేది.

నవ్వి ఊరుకుంది కదా, ఆమెకు పట్టింపు లేదనుకున్నారు. పట్టింపు ఉంది. కానీ పాల్మాకుల నుంచి బస్సులో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే ఆడమనిషికి శంషాబాద్‌లో ఇంకో కుర్చీ ఎవరు చూపిస్తారు?

నిర్మల ఆ షాపులో చేరింది పేర్లు టైపు చేయడానికి. పెళ్లి పత్రికలలో మేనమామల పేర్లు, అమ్మమ్మల పేర్లు తప్పుల్లేకుండా కొట్టడం ఆమె పని. ఒక సోమవారం పొద్దున ఒకతను తల్లి ఫోటో పట్టుకొని వచ్చి, డిజైనర్లిద్దరూ మొకాలు తిప్పుకుంటే గడపలోనే నిలబడిపోయాడు. చేతిలో రేషన్ కార్డు మీద ఉండే చిన్న ఫోటో, తడిసి పాడైంది. నిర్మలకు అతన్ని అలా నిలబెట్టడం నచ్చలేదు. "ఇటివ్వన్నా" అంది. ఆ రోజు నుంచి ఆ పని ఆమెకు అంటుకుంది.

అంటుకున్న పనినే ఆమె బాగా నేర్చుకుంది. పెళ్లి గుంపులో వెనక వరసలో ఉన్న ముసలామెను బయటికి తీసి, ముందు నిలబడ్డోళ్ల భుజాలు చెరిపేసి, ఆమెకు మంచి చీర కప్పేది. ఎప్పుడో పోయిన భర్త పక్కన మొన్న పోయిన భార్యను కూర్చోబెట్టి, ఇద్దరినీ ఒకే ఈడువాళ్లలా సరిచేసేది. అన్నిసార్లూ కుదిరేది కాదు. కొన్నిసార్లు మొకం మరీ నున్నగా చేసి, "మా నాయినకు గీ గాటు ఉండాలె గదా, ఎటు పోయింది?" అని తిట్లు కూడా తిన్నది.

నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సుల పైసలకోసం అరుణ్‌కుమార్ వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగేవాడు. చావు ఫోటోకు ఎవరూ బేరమాడరు, ఉద్దెర అడగరు. షాపును నిలబెట్టిన ఆ పనికి జీతాల్లో మాత్రం ఆఖరి వరస. డిజైనర్లు డిజైనర్లే, నిర్మల, ఎన్నేళ్లయినా, 'టైపింగ్ అమ్మాయి'.

ఒక ఎండాకాలం షాపుకు రంగులు వేయించారు, ఏసీ పెట్టారు, రెండు కొత్త కంప్యూటర్లు తెచ్చారు. మూడోదానికి కొత్త షాపులో జాగా లేదన్నారు.

"సిస్టమ్ నువ్వే తీస్కపో నిర్మలా" అన్నాడు అరుణ్‌కుమార్, వరం ఇస్తున్నట్టు. "ఇంటికాడనే కూసొని చేస్కో. ఫోన్ల పంపుతా, చేసి పంపు. ఫోటోకు ఇంత అని ఇస్త. బస్సు కిరాయి మిగులుతది, పిల్లల్ని జూస్కుంటవ్. నీకే సౌలత్."

"మరి జీతమన్నా?"

"ఇంట్ల కూసున్నోళ్లకు జీతమేందమ్మా?"

అలా ఆమె నెల జీతం పోయి, ఫోటోకు ఇంత అయింది. షాపులోంచి చావు పోయింది. చావు మీద వచ్చే ఆదాయం పోలేదు. ఆ లెక్క నిర్మలకు అప్పుడే అర్థమైంది. అయినా డబ్బాను చున్నీలో చుట్టి, ఒళ్లో పెట్టుకొని, షేర్ ఆటోలో పాల్మాకుల చేరింది.

భర్త శేఖర్ గగన్‌పహాడ్‌లో ఒక గోదాములో సరుకు దించే పని చేస్తాడు. ఇంటికొచ్చి ఆ డబ్బాను చూసి, "కొలువు తీసేసి సావు కుండ చేతుల పెట్టిండా మీ సేటు?" అన్నాడు.

"కుండ కాదు. నేర్పుంటే అన్నం పెడ్తది."

"ముందుగాల అది లేసి నిలబడనీ."

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. అది పాత సిస్టమ్. పొద్దున స్విచ్చి వేసి, చాయ్ పెట్టి, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పుడు తెర మీద బొమ్మ వచ్చేది. పెద్ద ఫోటో తెరిస్తే బిగుసుకుపోయేది. నిర్మల మనసులో ఒక ఆలోచన ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. షాపు పంపే ఫోటోలు చేస్తూ చేస్తూ, ఒకరోజు జనం నేరుగా తన దగ్గరికే రావాలి. ఫ్లెక్సు ఎక్కడైనా ప్రింటు వేయించుకోవచ్చు. ఫోటో మాత్రం తన చేతి పని, తన పేరు మీద. కానీ ఫ్లెక్సు సైజు ఫోటోను మోయలేని సిస్టమ్‌తో ఆ మాట పైకి అంటే నవ్వుతారు.

కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని కాటేదాన్‌లో జగదీశ్ దగ్గరికి పోయింది. ఫ్యాక్టరీల నడుమ చిన్న గదిలో అతని రిపేరు షాపు. గదిలో సగం ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లే. అతను డబ్బా మూత తీసి, లోపల పేరుకున్న దుమ్మును చూసి ఈలవేశాడు.

"అక్కా, దీంట్ల కోడి గుడ్లు పెట్టచ్చు."

"నడుస్తదా తమ్మీ?"

"నడుస్తది. కానీ ఒక్కసారే అన్నీ మార్చుమనకు. ఒక్కొక్కటి తేవాలె. కొత్త సిస్టమ్ కొన్నట్టు గాదు, ఇల్లు కట్టినట్టు. ఈసారి గోడ, వచ్చేసారి తలుపు."

మొదటి విడతలో పైసలు పెట్టాల్సిన పనే లేదు. దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. ఫ్యాను మోత తగ్గింది. రెండో విడతకు తిరిగే పాత డిస్కు తీసేసి, తిరగకుండానే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేశాడు. ఆ రోజు నిర్మల ఇంట్లో స్విచ్చి వేసి చాయ్ పెట్టబోతే, గిన్నె పొయ్యి మీదికి ఎక్కకముందే సిస్టమ్ తయారుగా ఉంది. మూడో విడతకు కరెంటు సప్లై డబ్బా మార్చమన్నాడు జగదీశ్. నిర్మలకు మనసొప్పలేదు.

"అది మారిస్తే స్పీడ్ పెరుగుతదా?"

"పెరగది."

"మరెందుకు?"

"మీ ఊర్ల బోరు మోటర్లు ఆన్ అయితే ఓల్టేజీ ఎట్ల ఎగురుతదో నీకు ఎరుకే గదా. ఇది పాతది, పేలిందంటే అదొక్కటే పోదు, పక్కోళ్లను తీస్కపోతది."

మార్చింది. కంటికి కనబడని దానికి పైసలు పోసినందుకు వారమంతా బాధపడింది. ఆ తర్వాత మెమరీ. పాత చిన్న ముక్కలు రెండూ తీసేసి, వాడిన పెద్ద ముక్క ఒకటి ముందు, రెండు నెలలాగి ఇంకొకటి. షాపు పంపే ఫోటోల పైసల్లోంచి కొంత, మహిళా సంఘం పొదుపులోంచి కొంత. ప్రతి విడతా ఏదో ఒకటి వాయిదా వేసి కొన్నదే. పిల్లల బూట్లు ఒకసారి, మిక్సీ రిపేరు ఒకసారి.

నిర్మల ఏది తెచ్చినా మంచం దిగి వచ్చి చూసే మనిషి అత్త అనంతమ్మ. పొలం ఉన్నన్నాళ్లు పొలం, పోయాక కూలి, ఇప్పుడు మోకాళ్ల నొప్పి. డబ్బా ముందు పీట వేసుకొని కూర్చొని, "ఇదేంది, అదేంది" అని అడిగేది.

"ఇది డిస్కు అత్తమ్మా. గరిసె అనుకో. గింజలన్నీ ఇండ్లనే దాస్తం."

"మరి గా సన్నపు పట్టీలు?"

"అవి మెమరీ. కల్లం అనుకో. గరిసెల ఉన్నది కల్లంల పరిస్తేనే పని. కల్లం చిన్నగుంటే గింజలు ఆరబోసుడు కష్టం గదా, గట్లనే."

"గిది?"

"స్టార్టరు డబ్బా. కరెంటు దీంట్లకెళ్లే అందరికీ పోతది."

అనంతమ్మ తలూపేది. కొన్నాళ్లకు ఊళ్లోవాళ్లకు ఆమే చెప్పడం మొదలుపెట్టింది. "మా కోడలు మొన్న కల్లం పెద్దది చేసింది" అనేది. విన్నవాళ్లు వీళ్లు మళ్లీ భూమి కొన్నారేమో అనుకునేవారు.

ఇన్నిసార్లు తెరిచి మూసే డబ్బాకు ఎవరు స్క్రూలు బిగిస్తారని నిర్మల పక్క మూత పెట్టడమే మానేసింది. ఎండాకాలం గాలి కూడా ఆడుతుందనుకుంది. తప్పు అక్కడే జరిగింది.

దసరాకు నాలుగు రోజుల ముందు ఊళ్లో గోపయ్య చనిపోయాడు. ఎయిర్‌పోర్టు దారిలో కొత్తగా వేసిన కాలనీలకు కాపలా తిరిగిన మనిషి. పోయిన మూడో రోజు అతని భార్య రేణుకమ్మ నిర్మల ఇంటికి వచ్చింది. సావు వెళ్లిన ఇంటి మనిషి ఇంకో ఇంటి గడప తొక్కకూడదని గేటు బయటే నిలబడింది. నిర్మల కుర్చీ తెచ్చి గేటు దగ్గరే వేసింది, తాను కింద కూర్చుంది.

రేణుకమ్మ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు తీసింది.

"ఇండ్ల ఉన్నది మా ఆయన గాదు బిడ్డా."

నిర్మల చూసింది. గోపయ్యే.

"ఆయనే గదా పెద్దమ్మా."

"ఆయన మొకమే. కానీ జూడు, దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టు లేడా? నవ్వొద్దన్నరట ఆడ. ఆయన బతుకంత ఎప్పుడన్న గిట్లున్నడా?" అని ఇంకో ఫోటో ఇచ్చింది. చెరువు పూడిక తీసిన నాడు కూలీలందరినీ నిలబెట్టి తీసింది. మూడో వరసలో గోపయ్య. తల మీద తువ్వాల సగం మొకం మీదికి జారింది. కనబడుతున్న సగంలో మాత్రం మనిషి ఉన్నాడు.

"గీయన గావాలె నాకు. దినాల నాడు గుడారం ముంగట గీయన నిలబడాలె. గా ఆధార్ మొకం పెడితే నేను బయటికి రాను."

"షాపుల ఇయ్యకపోయినవా పెద్దమ్మా?" నిర్మల కావాలనే అడిగింది.

"షాపోనికి మా ఆయనేమెరుక? నీకు ఎరుక. నువ్ చేస్తవనే వచ్చిన."

ఇన్నేళ్లలో నేరుగా తనను నమ్మి వచ్చిన మొదటి పని అది. ఇది బాగుంటే ఊళ్లో మాట పాకుతుంది. చెడితే, "అక్కకు పెద్ద పనులు రావు, షాపుకే పోవాలె" అనే మాట పాకుతుంది. దినాలు దసరా పోయిన వారానికి. నిర్మల ఫోటోను స్కాన్ చేసి పెద్ద సైజులో తెరిచి చూసింది. సిస్టమ్ బిగుసుకోలేదు. పండుగ వెళ్లగానే కూర్చుందామని ఆ రాత్రి పిండివంటల్లో పడింది.

దసరా పొద్దున నిర్మల బియ్యం కడుగుతుండగా అనంతమ్మ స్నానం చేసి, పసుపు తడిపి, కుంకుమ గిన్నె, బంతిపూలు పళ్లెంలో పెట్టుకుంది. ఆయుధపూజ ఆ ఇంట్లో ఎప్పుడూ ఆమే చేస్తుంది. కొడవలికి, గొడ్డలికి, గడ్డపారకు, శేఖర్ బండికి పెట్టింది. తర్వాత లోపలికి పోయింది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టరు కాబట్టి నిర్మల సిస్టమ్ వైపు పోలేదు. సాయంత్రం జమ్మి ఇచ్చిపుచ్చుకొని, పెద్దల కాళ్లు మొక్కి, రోజు గడిచింది.

తెల్లారి స్విచ్చి వేసింది. ఫ్యాను తిరగబోయి బరబర గీకింది. పసుపుపచ్చ రేకులు గదిలోకి ఎగిరాయి. లోపల చిటుక్కుమంది. ఆ తర్వాత ఆగకుండా కూత, తెర నల్లగా.

ప్లగ్గు పీకి, వంగి, తెరిచి ఉన్న పక్క నుంచి లోపలికి చూసింది.

డిస్కు మీద బొట్టు. కరెంటు డబ్బా మీద బొట్టు. రెండు మెమరీ పట్టీల మీద, పసుపు నీళ్లు కిందికి కారి ఎండిన చారలతో, చెరో బొట్టు. ప్రాసెసర్ ఫ్యాను నడుమ బంతిపువ్వు తొడిమె. తెచ్చింది తెచ్చినట్టు, వరసగా, ఏదీ వదలకుండా.

నిర్మలకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ సిస్టమ్ మీద పసుపు పడటం అదే మొదటిసారి.

అనంతమ్మ గుమ్మంలోకి వచ్చి, రేకులను చూసి, కోడలి మొకం చూసింది. "ఏమయింది పిల్లా?"

"లోపల ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?"

"మరి? పైదంత ఉత్త రేకు డబ్బా. పని జేసేది లోపలోళ్లు గదా. నువ్వే చెప్తివి."

నిర్మల ఫ్యానులో ఇరుక్కున్న తొడిమెను బయటికి లాగింది.

"సచ్చిందా అది?" అంది అనంతమ్మ మెల్లగా. "నేనే సంపిన్నా?"

"సావలేదు. తడి తగిలింది."

"కొడవలికి పెడితే కాదు, గొడ్డలికి పెడితే కాదు. గింత సుకుమారముంటే పనెట్ల జేస్తది?" అని గొణిగి, ముసలామె మళ్లీ బయటికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుంది.

జగదీశ్‌కు ఫోన్ చేస్తే పండుగకు అత్తగారింటికి పోయాడట, రెండు రోజులాగమన్నాడు. అన్ని రోజులు చేతులు ముడుచుకుంటే ఆ పని అందదు. నిర్మల ఫోటోను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొనే ఉంది. అది పట్టుకొని శంషాబాద్ పోయింది. షాపులో ఒక కుర్చీ రెండు పూటలు అడుగుదామని.

అరుణ్‌కుమార్ కొత్త సిస్టమ్‌ల మీద దండలు ఇంకా వాడలేదు.

"పండుగ తెల్లారి, కొత్త సిస్టమ్ మీద, సావు ఫోటోనా? ఎట్ల అడగబుద్ధయింది నిర్మలా నీకు?"

"మీ సిస్టమ్ కరాబు కాదన్నా. రెండు పూటలు."

"కాదులే. ఒక పని జేయి. ఆ ఫోటో నాకియ్యి. సిటీల చేపిస్త. షాపు పేరు మీద పోతది, ఆమెకు బిల్లు ఇక్కడే. నీకు నీ రేటు నీకిస్త. నీకూ పరేషాన్ లేదు."

నిర్మల ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధం. పని సమయానికి అయిపోతుంది, రేణుకమ్మకు ఫోటో వస్తుంది, తనకు నాలుగు పైసలు వస్తాయి. కానీ సిటీలో ఎవరో ఆ సగం మొకాన్ని ఆధార్ మొకంతో అతికించి పంపుతారు. గోపయ్య నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకుపోతుందని వాళ్లకెలా తెలుస్తుంది? ఆ ముసలామె గేటు బయట నిలబడింది తన కోసం, షాపు కోసం కాదు.

"వద్దన్నా. ఆమె నాకిచ్చింది."

"గప్పుడే పెద్దదానివైనవ్."

"పెద్దదాన్నేం కాలే." నిర్మల పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుంది. "కానీ ఒక్క మాట. ఈ షాపు కిరాయి ఇన్నేండ్లు సావు ఫోటోల మీదనే ఎళ్లింది. కిరాయి పైసలకు అగరుబత్తి ముట్టియ్యలేదు మీరు."

గొంతు పెంచకుండానే అంది. డిజైనర్లలో ఒకడు కీబోర్డు మీంచి తల ఎత్తలేదు. అరుణ్‌కుమార్ ఏదో అనబోయి, ఫోన్ మోగకపోయినా ఫోన్ తీసుకున్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చింది.  ఇక షాపు నుంచి ఫోటోలు రావని ఆమెకు తెలుసు.

జగదీశ్ తిరిగొచ్చిన పొద్దున నిర్మల కాటేదాన్‌లో అతని షట్టర్ లేవకముందే డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. అతను లోపలికి చూసి చాలాసేపు నవ్వాడు.

"కరెంటు షాకు తగిలిన బోర్డులు జూసిన, ఎలుకలు కొరికినవి జూసిన. ముత్తయిదువను జూసుడు ఇదే మొదలు."

"నవ్వుడు తర్వాత. జర చూడు తమ్మీ."

అతను పట్టీలు పీకి, స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో పసుపంతా కడిగి, వేడి గాలి పట్టి ఆరబెట్టాడు. ఒక్కోటి పెట్టి చూశాడు. చివరికి తల గోక్కున్నాడు.

"డిస్కు మంచిగుంది. కరెంటు డబ్బా అడ్డం పడ్డది, లేకుంటే బోర్డంత కాలేది. ఆ రోజు పైసలు దండుగని గులిగినవ్ గదా దానికి. కానీ మెమరీ పట్టీ కూసునే గాడి ఒకటి కాలిపోయింది. ఒక్కటే పనిజేస్తది."

"అంటే కల్లం సగమే."

"ఏంది?"

"ఏం లేదు. ఇంకో బోర్డు?"

"గింత పాతది కొత్తగ దొరకది. ఉన్న గాడిలనే రెండింతల పట్టీ ఒకటి వేస్తే మళ్ల మునుపటి లెక్కనే అయితది. అది దొరకాలె. అగో, గా ఆఫీసులోళ్ల డబ్బాలు జూడు." మూలన పైకప్పు దాకా పేర్చిన కంప్యూటర్ల వైపు చెయ్యి చూపించాడు. "పగలగొట్టకపోతే సగం మంచివే. కానీ వాళ్లు డిస్కులల్ల ఉన్న లెక్కలు బయటపడ్తయన్న భయంతోని అన్నీ నుగ్గు చేసి పంపుతరు. పట్టీలు, బోర్డులు, అన్నీ సుత్తె దెబ్బలకే పోతయ్. నీకు గావలసిన సైజు పట్టీ ఒక్కటి మిగల్లే."

నిర్మల ఆ గుట్టను చూస్తూ నిలబడింది. తాను ఒక్కొక్క ముక్కకు నెలలు పట్టి కూడబెట్టిన వస్తువులు అక్కడ లెక్క లేకుండా పగిలి పడి ఉన్నాయి.

ఇంటికి తెచ్చి, పక్క మూత పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించి కూర్చుంది. సగం మెమరీతో మొత్తం ఫోటో తెరిస్తే సిస్టమ్ మళ్లీ పాత రోజుల్లోలా బిగుసుకుంది. అందుకని పాత రోజుల్లోలానే చేసింది. బొమ్మను ముక్కలు చేసింది. ముందు కళ్ల వరకు, దాచుకొని, మూసి. తర్వాత ముక్కు, మీసం. తర్వాత తువ్వాల కింద దాగిన చెంప. కనబడని చెంపను కనబడే చెంప నుంచి అల్లాలి. కానీ అచ్చంగా తిప్పి అతికిస్తే మనిషి బొమ్మలా ఉంటాడు. గోపయ్యను గుర్తు తెచ్చుకుంటూ చేసింది. గుర్తు రానిచోట అత్తను పిలిచింది.

"కుడిదిక్కు చెవి కాడ ఏమన్న ఉండెనా అత్తమ్మా ఆయనకు?"

పండుగ నుంచి ముభావంగా ఉన్న అనంతమ్మ లేచి వచ్చింది, తెరకు ఆమడ దూరంలో నిలబడి. "ముట్టను తియ్యి. చూసి చెప్త." కళ్లు చికిలించి చూసింది. "మొకం గింత గుండ్రంగ ఉండకపోయేది. ఆకలి మొకం గాయనది. జర లోపలికి తియ్యి. ఆఁ, గట్ల. మీసం ఒక దిక్కు కొరుకుతుండె, అది పొట్టి చెయ్యి."

దినాల ముందు రోజు మధ్యాహ్నానికి ఫోటో పూర్తయింది. ఫ్లెక్సు గగన్‌పహాడ్‌లో వేరే చోట శేఖర్ ప్రింటు వేయించుకొని, చుట్టి, బండికి అడ్డంగా కట్టుకొని తెచ్చాడు. దారిలో ఎవరో "ఎవరిదన్నా?" అని అడిగితే, "మా ఇంట్ల తయారైంది" అన్నాడట. ఆ మాట నిర్మలకు అతను చెప్పలేదు. అడిగిన మనిషే చెప్పాడు.

రేణుకమ్మ ఇంటి ముందు ఫ్లెక్సు విప్పారు. ఆమె దగ్గరికి వచ్చి చూసింది. నిర్మలకు ఆమె మొకంలో ఏమీ తెలియలేదు. చెంప సరిగా లేదా, కన్ను మరీ చిన్నదైందా అని వెతుక్కుంటూ నిలబడింది.

"నవ్వుతలేడు" అంది రేణుకమ్మ.

"నవ్వు ఎక్కువ పెడితే..."

"నవ్వుతలేడు. నవ్వు ఆపుకుంటుండు. నేను తిడుతుంటె గట్లనే నిలబడుతుండె." కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గుడారం వేస్తున్నవాళ్లతో, "జర కిందికి కట్టుండ్రి, నాకు అందేటట్టు" అంది.

ఆ దినాలకు వచ్చిన జనంలోంచి, ఆ నెలలోనే నాలుగిళ్లవాళ్లు నిర్మల గేటు ముందుకు వచ్చారు. ఒకరు పక్కూరి నుంచి కూడా. షాపు నుంచి ఒక్క ఫోటో రాలేదు. అరుణ్‌కుమార్ ఆ పనిని సిటీకి పంపుతున్నాడని విన్నది. అక్కడి నుంచి ఎవరో మొకాలై తిరిగొచ్చిన ఫోటోల గురించి కూడా విన్నది. ఆమె ఇప్పుడు ఎక్కువ సంపాదిస్తోందా అంటే, షాపు జీతానికి ఇంకా చేరుకోలేదు. సిస్టమ్ సగం మెమరీ మీదే నడుస్తోంది. పెద్ద ఫోటోలన్నీ ముక్కలు ముక్కలుగానే చేస్తోంది, పూటలో అయ్యేది రెండు రోజులు పడుతోంది. ఆ ఆలస్యానికి ఆమె ఎవరినీ తిట్టదు. తిట్లు తినాల్సింది మాత్రం మనమే.

ఎందుకంటే ఆమెకు కావలసిన ఆ మెమరీ పట్టీ ఈ చుట్టుపక్కలే ఉంది. మీ ఆఫీసులో మొన్న కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు స్టోర్‌రూమ్‌లోకి నెట్టిన పాతవాటిలో ఉంది. వాటిని తుక్కుకు తూకం వేసి ఇచ్చేయబోతున్నారు. మీకు సమాచారం గురించి భయముంటే డిస్కు తీసి మీ దగ్గరే పెట్టుకోండి, పగలగొట్టుకోండి. మిగతాది పగలగొట్టకండి. మెమరీ, బోర్డు, కరెంటు డబ్బా, తెర, వీటిల్లో మీ రహస్యం ఏదీ లేదు. ఈ వారం మీ మేనేజరును ఒక్క మాట అడగండి. మీ ఊరి మహిళా సంఘానికో, మీ సందులో రిపేరు చేసేవాడికో చేర్చండి. వాళ్లు ఎవరికి ఏది అవసరమో చెబుతారు.

ఇంకొకటి. మీ ఇంట్లో ఎవరైనా పోయి, ఫోటో కోసం షాపుకు పోయినప్పుడు, దాన్ని ఎవరు చేస్తారని అడగండి. ఇంట్లో కూర్చొని ముక్కకు ఇంతకు చేసే మనిషి ఉంటే ఆమె ఫోన్ నంబరు తీసుకొని పని నేరుగా ఆమెకే ఇవ్వండి, షాపుకు ఇచ్చేదే ఆమెకూ ఇవ్వండి. షాపులోనే మూలన కూర్చోబెట్టి ఉంటే, జీతంలో ఆమెది ఏ వరస అని యజమానిని మొకం మీదే అడగండి. మీరు గిరాకీ. మీరు అడిగితే ఆయన జవాబు చెప్పి తీరాలి.